'ఛాందసవాది' అని టైపు కొట్టే ముందు: ఒక సబ్ ఎడిటర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక స్ట్రింగర్ (అచ్చయిన లైన్ల లెక్కన డబ్బులిచ్చే ఊరి విలేఖరి) పంపిన ఐటమ్ ఇది: "పట్టణంలోని మసీదులో మూడు రోజులుగా ఛాందసవాద బృందం మకాం. స్థానికుల్లో ఆందోళన."

ఫోన్ చేశాను. ఏం చేశారయ్యా వాళ్లు?

"ఏం చేయలేదు సార్. పదకొండు మంది. గడ్డాలు, టోపీలు. స్టవ్వు, పరుపుచుట్టలు తెచ్చుకున్నారు. సాయంత్రం పూట ముస్లింల ఇళ్లకు వెళ్లి నమాజుకు రమ్మని పిలుస్తున్నారు."

మరి ఆందోళన పడ్డ ఆ స్థానికులెవరు?

కాసేపు చప్పుడు లేదు. "అంటే సార్... నేనే."

22 ఏళ్లుగా డెస్కులో ఉన్నాను. ఇలాంటి కాపీ ఏడాదికి పదిసార్లైనా చేతికొస్తుంది. ప్రతిసారీ ఫోన్‌లో ఇదే పాఠం చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ముస్లింకి భక్తి ముదిరితే ఉగ్రవాదానికి దగ్గరపడ్డట్టే.

ఎక్కువ కొంపలు ముంచేది ఇదే. మిగతావన్నీ దీని పిల్లలు.

కొన్నేళ్ల కిందట రాయలసీమ నుంచి ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారు డెస్కుకు ఫోన్ చేశారు. రాత్రి పది దాటింది, పేజీలు వదిలే టైమ్. "బాబూ, ఒక్క సందేహం. మా మనవడు హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్నాడు. ఈ మధ్య ఐదుపూటలా నమాజు చేస్తున్నాడు, గడ్డం పెంచాడు, సిగరెట్ మానేశాడు. నేను సంతోషించాలా, భయపడాలా?"

"మీకెందుకు మాస్టారూ భయం?" అన్నాను.

"మీ పేపర్లో వచ్చేది అదే కదా బాబూ. మొదట గడ్డం, తర్వాత నమాజు, ఆ తర్వాత పోలీసులు."

ఆయన యాభై ఏళ్లుగా నమాజు తప్పని మనిషి. మనవడు అదే పని మొదలుపెడితే నిద్రపట్టడం లేదు. ఆ టెన్షన్ పెట్టింది మా హెడ్డింగులే.

మాస్టారు చెప్పిన వరసను పోలి ఉండే లిస్టు ఒకటి 2007లో న్యూయార్క్ పోలీసులు అచ్చేశారు. కుర్రాడు దారి తప్పుతున్నాడనడానికి గుర్తులట: సిగరెట్, మందు, జూదం మానేయడం, గడ్డం పెంచడం, సంప్రదాయ దుస్తులు వేసుకోవడం, నలుగురి సమస్యల్లో పాలుపంచుకోవడం. చదివి నవ్వొచ్చింది. నేను తొమ్మిదిసార్లు అయ్యప్ప మాల వేసుకున్నవాణ్ని. 41 రోజులు మందు, సిగరెట్ ముట్టను, గడ్డం గీయను, నల్లబట్టలు, నేలమీద పడక. ఆ రోజుల్లో ఎడిటర్ దగ్గర్నుంచి టీ కుర్రాడి దాకా నన్ను 'స్వామీ' అనే పిలిచారు. నోరు తెరిస్తే బూతులొచ్చే మా క్రైమ్ రిపోర్టర్ కూడా నా ముందు నాలుక కరుచుకునేవాడు. తబ్లీగ్ జమాత్ అంటే ఆ స్ట్రింగర్ చూసినట్టు ఊరూరా తిరిగి ముస్లింలను నమాజుకు పిలిచే బృందాలు. వాళ్ల చిల్లా, అంటే ఇల్లు వదిలి అలా తిరిగే గడువు, 40 రోజులు. ఒక్క రోజు తేడాకి నేను స్వామి, అతను ఛాందసవాది.

న్యూయార్క్ కథ చివరికి ఏమైందో కూడా చెప్పాలి. ముస్లింలు తిరిగే కాఫీ కొట్లు, దుకాణాలు, మసీదుల మీద నిఘా పెట్టిన ప్రత్యేక విభాగం ఆరేళ్లకు పైగా పనిచేసి ఒక్క ఉగ్రవాద దర్యాప్తుకైనా దారి చూపలేదని 2012లో ఆ శాఖ అధికారే ప్రమాణం చేసి చెప్పాడు. 2014లో విభాగాన్నే ఎత్తేశారు. బ్రిటన్‌లో గూఢచార సంస్థ ఎంఐ5 లోపల చేసుకున్న అధ్యయనం 2008లో బయటికొచ్చింది. ఉగ్రవాదంలో చిక్కినవాళ్లలో చాలామంది మతాచారాలు సరిగా పాటించనివాళ్లేనని, మతజ్ఞానం కూడా అంతంతమాత్రమేనని, మతంలో బాగా కుదురుకున్న మనిషికి ఆ కుదురే కాపుదల కావచ్చని అందులో ఉంది. సిరియా యుద్ధానికి పోయొచ్చి 2014లో జైలుపాలైన ఇద్దరు బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవి ఇస్లాం ఓనమాలు నేర్పే పుస్తకాలు!

మతం పేరు చెప్పి చంపేవాళ్లు లేరని నేననను. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల రాత్రి డ్యూటీలో ఉన్నాను, ఆ ఫొటోలు ఇప్పటికీ కళ్లముందు మెదులుతాయి. బాంబు పెట్టినవాణ్ని ఉగ్రవాది అని రాయడానికి నేనేనాడూ తడబడలేదు. అది వాడు చేసిన పనికి పేరు. నమాజుకి ఆ పేరెందుకు?

మాస్టారికి ఆ రాత్రి ఇవన్నీ చెప్పలేదు. "సిగరెట్ మానేశాడంటున్నారు, ముందు దానికి సంతోషించండి. ఏ మసీదుకు వెళ్తున్నాడో, జుమ్మా (శుక్రవారం) నాడు ఖుత్బాలో (ప్రసంగంలో) ఏం చెప్పారో వారం వారం అడగండి. తేడా ఉంటే మీకంటే ముందు ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఆయన నవ్వారు. నాకు పేజీ లేటైంది, తిట్లు పడ్డాయి.

అపోహ: 'ఫండమెంటలిస్టు' అనే మాట ముస్లింల కోసమే పుట్టింది.

పుట్టింది అమెరికాలో, క్రైస్తవుల ఇంట్లో. 1910-15 మధ్య అక్కడి ప్రొటెస్టెంట్లు తమ విశ్వాసపు మూలసూత్రాల మీద చిన్న పుస్తకాలు అచ్చేసి పంచారు. 1920లో ఒక బాప్టిస్టు పత్రిక ఎడిటర్ (మన వృత్తివాడే!) వాటికి కట్టుబడినవాళ్లకు గర్వంగా పెట్టిన పేరది. ముస్లింలకు గట్టిగా అంటుకున్నది 1979 ఇరాన్ విప్లవం తర్వాత. మనం తెలుగులో 'ఛాందసవాది' చేసుకున్నాం. ఛాందసుడంటే ఛందస్సు, అంటే వేదం చదువుకున్నవాడు. వేదపండితుడి మాట ముందు వెక్కిరింతగా మారింది, అది పోయిపోయి ముస్లిం గడ్డానికి తగులుకుంది. కొత్త కుర్రాళ్లకు చెబితే నమ్మరు, నిఘంటువు తీసి చూపించాల్సిందే.

అపోహ: ఫత్వా అంటే చంపమని హుకుం.

మతపండితుణ్ని అడిగిన సందేహానికి వచ్చే జవాబు, అంతే. 2018 జనవరిలో హైదరాబాద్‌లోని మతవిద్యాలయం జామియా నిజామియా ఇచ్చిన ఫత్వా దేని మీదో తెలుసా? రొయ్యల మీద. తినొద్దని. తినేవాళ్లు తింటూనే ఉన్నారు. ఫత్వాకు చట్టబలం లేదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది.

అపోహ: వాళ్ల పిల్లలంతా మదర్సాలకే పోతారు.

ముస్లింల స్థితిగతుల మీద కేంద్ర ప్రభుత్వం వేసిన సచార్ కమిటీ 2006 లెక్క: బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాకు పోయేది 3-4 శాతం. ముందుకు పోదాం.

అపోహ: దర్గాకు వెళ్లేవాడు మంచి ముస్లిం, వెళ్లనివాడు తేడా మనిషి.

నెల్లూరు రొట్టెల పండుగ, ఊళ్లలో పీర్ల పండుగ మనకు అలవాటు కాబట్టి అవి ముద్దొస్తాయి. దర్గా మొక్కు తన మతంలో లేదనుకునే ముస్లిం కూడా ఉంటాడు. విగ్రహారాధన వద్దనే ఆర్యసమాజీలను హైదరాబాద్ చూడలేదా? వాళ్లను అనుమానించామా? 'మంచి ముస్లిం' కూడా లేబులే. దాన్ని తగిలించేది మనం, పీకేసేది కూడా మనమే.

ఇక నా తప్పు. 2020 మార్చి ఆఖరు. ఢిల్లీలో తబ్లీగ్ జమాత్ ప్రధాన కార్యాలయాన్ని 'మర్కజ్' అంటారు. ఆ మాటకు కేంద్రస్థానం అనే తప్ప ఇంకే అర్థమూ లేదు. అక్కడి సమావేశాలకు వెళ్లొచ్చినవాళ్లలో కరోనా బయటపడింది. కరోనా లెక్కల్లో 'మర్కజ్ వెళ్లొచ్చినవారు' అని వేరే వరస వచ్చేది. ఆ వారమంతా మొదటి పేజీకి హెడ్డింగు పెట్టింది నేనే: 'మర్కజ్ కలకలం'. కలకలం, గుబులు, టెన్షన్, రోజుకో మాట మార్చానంతే. ఒక పొద్దున మా అపార్ట్‌మెంట్‌కు బత్తాయిలు తెచ్చే తోపుడుబండి ఆయన్ను వాచ్‌మన్ పేరడిగి గేటు బయటే ఆపేశాడు. ఆయన జన్మలో ఢిల్లీ చూడలేదు. ఇదేంటని వాచ్‌మన్‌ను అడిగితే, "పేపర్లో మీరే రాస్తున్నారు కదా సార్" అన్నాడు. ఆ ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ జమాత్‌కు వచ్చిన విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులుగా ఎంచుకుని ఉండొచ్చని చెప్పింది. ఆ వార్త మాకు లోపలి పేజీలో సింగిల్ కాలమ్. ఆ పేజీ చేసిందీ నేనే.

స్ట్రింగర్ ఐటమ్ వాడలేదు. లైన్ అకౌంట్‌లో నాలుగు లైన్లు పోయాయని అతనికి కోపం. మసీదు పక్క వీధిలో పది రోజులుగా కుళాయి నీళ్లు రావడం లేదని మాటల్లో తనే అన్నాడు. అది రాయమన్నాను. ఫొటోతో కలిపి మూడు కాలమ్‌లు వేశాం.