గాజు డిజైన్ పని: జనం అనుకునేవి, అసలు సంగతులు

నెల్లూరులో పూజగది తలుపులకీ, హాల్ పార్టిషన్లకీ గాజు డిజైన్లు చేస్తుంటాను. వచ్చినోళ్ళు ముందు ఫోన్లో ఫొటో చూపించి ఇట్టాంటిదే కావాలంటారు, అది ఎక్కడ పెడతారో మాత్రం ఆఖర్న చెప్తారు. తేడాలన్నీ ఆడే వచ్చేది.

అపోహ: టఫెన్డ్ గ్లాస్ ముందు తెచ్చిపెట్టుకుంటే తర్వాత ఎట్టా కావాలంటే అట్టా కోయించుకోవచ్చు.

అస్సలు కుదరదు. ఆ గాజుని 600 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి ఒక్కసారిగా గాలికొట్టి చల్లారుస్తారు, అందుకే మామూలు దానికంటే నాలుగైదు రెట్లు గట్టి, కానీ డ్రిల్ పెట్టామా మొత్తం పలక చిన్న చిన్న ముక్కలై రాలిపోతది. కొలతలు, బొక్కలు, లోతు చెక్కుడు అన్నీ టఫెనింగ్‌కి పంపకముందే అయిపోవాల. తర్వాత "అన్నా, హ్యాండిల్ ఒక్క అంగుళం పైకి జరపవా" అంటే ఇంక కొత్త గాజే.

అపోహ: ఫ్రాస్టెడ్ గాజు పెడితే బాత్రూంలో ఏమీ కనపడదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఫ్రాస్టెడ్ అంటే బ్లాస్టింగ్ చేసిన గాజు, అంటే గాలి ఒత్తిడితో ఇసుకలాంటి పొడి కొట్టి గరుకు చేసింది. ఆ ముఖం మీద సన్నటి గుంటలుంటాయి, వాటి మీద వెలుతురు చెదిరిపోయి తెల్లగా కనిపిస్తది. ఆ గుంటల్లోకి నీళ్ళు చేరితే మళ్ళీ మామూలు గాజే, కావాలంటే శాంపిల్ ముక్క మీద తడి వేలితో గీసి చూడండి, గీసినంత మేరా అవతలి గోడ కనపడతది. కాబట్టి నున్నటి ముఖం షవర్ వైపు, గరుకు ముఖం బయటికి. వంటింటి తలుపుకైతే నూనె చేతులు తగిలే వైపు గరుకు వద్దు, ఆ మరకలు ఓ పట్టాన వదలవు. పూజగదికి వెనకనుంచి చెక్కిస్తే "ఓం" అద్దంలో కనపడినట్టు తిరగేసి చెక్కాల, మర్చిపోయారో పలక మొత్తం దండగ.

అపోహ: గూడూరు వైపు సిలికా ఇసుక కావాల్సినంత ఉంది, దాంతోనే బ్లాస్టింగ్ చేస్తే చవక.

చవకే, కాదన్ను. ఆ దుమ్ము పీల్చే కుర్రోళ్ళకి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తది, అది నయమయ్యేది కాదు. ఇసుక బదులు అల్యూమినియం ఆక్సైడ్ పొడి వాడేవాళ్ళు రేటు కాస్త ఎక్కువ చెప్తే అక్కడ మాత్రం బేరమాడకండి.

గాజు వెనక తెల్ల రంగేస్తే పాలలా వస్తదనుకుంటారు, మామూలు గాజులో ఇనుముంటది కాబట్టి ఆకుపచ్చగా కొడతది. తెలుపు కావాలంటే ఇనుము తక్కువుండే ఎక్స్‌ట్రా క్లియర్ గాజు తీసుకోవాల్సిందే.

ఇంక హింజిలు, అంటే తలుపు బందులు. 12 ఎంఎం గాజులో ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు తలుపంటే దాదాపు 58 కిలోలు, ఏదో ఒకటిలే అని బిగిస్తే కిందికి జారతది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్కన ఇళ్ళకైతే హింజిలు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌వే అడగండి, మామూలుగా వచ్చే 304 గ్రేడ్ మీద ఉప్పుగాలికి తుప్పు మచ్చలొస్తాయి.