మంచు పడని ఊళ్లో కూలెంట్ ఎందుకండీ?

బళ్లు బాగుచేసే షెడ్డుకి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగే మాట ఇదే. కూలెంట్ అంటే ఇంజన్‌ని చల్లబరచడానికి రేడియేటర్లో పోసే ద్రవం. అపోహల్లో ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: కూలెంట్ చలి దేశాలకే. మనకి నీళ్లు చాలు.

వాస్తవం: నీళ్లు గడ్డకట్టకుండా చూడటం కూలెంట్ పనుల్లో ఒకటే. మనకి కావలసింది ఇంకొకటి: తుప్పు ఆపడం. ఇంజన్ దిమ్మ (బ్లాక్) చాలా బళ్లలో పోత ఇనుము, దాని మీద కూర్చునే హెడ్డూ రేడియేటరూ అల్యూమినియం. ఉప్పున్న నీళ్లలో ఈ రెండూ కలిసి తడిస్తే బ్యాటరీలో జరిగేదే జరిగి అల్యూమినియం కరిగిపోతుంది. కూలెంట్‌లోని మందులు లోహం మీద సన్నటి పొర కట్టి దాన్ని ఆపుతాయి.

అపోహ: నీళ్లు ఏవైతేనేం?

వాస్తవం: అంతర్వేది, నరసాపురం వైపు సముద్రానికి దగ్గరున్న చాలా బోర్లలో ఉప్పు తేలుతుంది. అందులోని క్లోరైడ్ అల్యూమినియానికి సూదిమొనంత చిల్లులు పెడుతుంది. పైకి నిగనిగలాడే రేడియేటర్ ఒక రోజు ఉన్నట్టుండి కారడం మొదలెడుతుంది. కాలువ నీళ్లు తియ్యగా ఉన్నా వాటిలో సున్నపు లవణాలు, ఒండ్రు ఉంటాయి. తాగే మినరల్ వాటర్ టిన్నులోనూ లవణాలు పూర్తిగా పోవు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే వాడండి. ముందే నీళ్లు కలిపి అమ్మే రెడీమిక్స్ కూలెంట్ కొంటే అదీ అక్కర్లేదు. దారిలో ఇంజన్ వేడెక్కి, పోయడానికి వేరే గతి లేకపోతే దొరికిన నీళ్లే పోయండి (ఇంజన్ చల్లారాకే మూత తియ్యాలి సుమా!), ఇంటికి చేరాక ఫ్లష్ చేయించండి, అంటే లోపలంతా కడిగించండి.

అపోహ: రంగు బాగానే ఉంది, ఇంకా మార్చక్కర్లేదు.

వాస్తవం: రంగు వట్టి అద్దకం. లోపల మందు అరిగిపోయి, కూలెంట్‌లో అసలు ద్రవమైన గ్లైకాల్ పులిసి ఆమ్లమైపోయినా ఆకుపచ్చ ఆకుపచ్చగానే కనిపిస్తుంది. పాతరకం కూలెంట్ సుమారు 2 ఏళ్లు, ఓఏటీ రకం (సేంద్రియ ఆమ్లాల మందులు వాడే కొత్తరకం) సుమారు 5 ఏళ్లు పనిచేస్తాయి. మీ బండికి ఎంతో మాన్యువల్లో చూడండి. రంగు ఒకటే కదా అని రెండు రకాలు కలిపేస్తే ఎక్కువకాలం రావలసింది కూడా త్వరగా చచ్చిపోతుంది.

నీళ్లు కలపకుండా చిక్కగా పోస్తే ఇంకా మంచిదనేవాళ్లూ ఉన్నారు. గ్లైకాల్‌కి నీళ్లంత వేడిని మోసే శక్తి లేదు. సగం సగం కలపండి.

పసుపు వేసి లీకు ఆపే చిట్కా లారీవాళ్ల దగ్గర నేర్చుకున్నదే. అప్పటికి గండం గడుస్తుంది గానీ, ఆ ముద్ద వెళ్లి సన్నటి గొట్టాల్లో కూర్చుంటుంది.

వారానికోసారి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్ బాటిల్లో మట్టం చూడండి. తగ్గితే లోపలికి గాలి చేరుతుంది, గాలి చేరితే తుప్పు త్వరపడుతుంది. కూలెంట్ ఎర్రమట్టి రంగుకి తిరిగి ఉంటే మాత్రం పైపైన కొత్తది పోసి డబ్బు తగలేయకండి, ముందు మొత్తం కడిగించండి.