బస్సెక్కని క్లోరిన్

"మాస్టారూ, రోజూ గుప్పెడు బ్లీచింగ్ వేస్తున్నా. అయినా గోంగూర ఉడకబెట్టిన నీళ్ళలా ఉన్నాయి."

మొన్న మే నెలలో గుంటూరు నుంచి నా పాత విద్యార్థి చేసిన ఫోన్ ఇది. పిల్లల సెలవులకని పెరట్లో, పైపుల ఫ్రేము మీద నిలబడే ప్లాస్టిక్ ఈతకొలను బిగించాడు. పదడుగుల వెడల్పు, గుండ్రంగా ఉంటుంది. రెండడుగుల లోతున బోరు నీళ్ళు పట్టాడు. అయిదో రోజుకి నాచు పట్టి పచ్చబడింది. వాళ్ళ అత్తగారు దిష్టి తగిలిందని ఫ్రేముకి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టారు. పక్కింటాయన రాగి నీటిని శుద్ధి చేస్తుందని, మన పెద్దలు కృష్ణలో డబ్బులు వేసింది అందుకేనని చెబితే, మనవాడు ఓ రూపాయి బిళ్ళ కూడా వేశాడు.

ఇప్పటి రూపాయి స్టీలుది! రాగి నాచుని చంపే మాట మాత్రం నిజమే. రైతులు బోర్డో మిశ్రమంలో కలిపే మైలుతుత్తం రాగి లవణమే, నాచు మందుల్లో కొన్నింట్లో ఉండేదీ అదే. ఎక్కువైతే కొలను అడుగున మరకలు పడతాయి, తెల్లవాళ్ళ బంగారు రంగు జుట్టు ఆకుపచ్చగా మారుతుంది. మన నల్ల జుట్టులో ఆ సంగతి బయటపడదు. నిమ్మకాయని కట్టే బదులు పిండి ఉంటే కాస్త ఉపయోగం ఉండేదేమో అనుకున్నాను గానీ, అందులోని సిట్రిక్ ఆమ్లం క్లోరిన్‌ని తినేస్తుంది. అదీ లాభం లేదు.

"పీహెచ్ చూశావా?" అన్నాను. నీళ్ళలో ఆమ్లం పాలెక్కువో, క్షారం పాలెక్కువో చెప్పే అంకె అది. రంగు మారే కాగితం ముంచి చెప్పాడు: 8.4. బ్లీచింగ్ ఎందుకు పనిచేయలేదో ఆ ఒక్క అంకెలో ఉంది.

బ్లీచింగ్‌లో పనిచేసేది క్లోరిన్. నీళ్ళలో పడ్డాక అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం, దానికి విద్యుదావేశం లేదు. రెండోది హైపోక్లోరైట్ అయాన్, దానికి రుణావేశం ఉంది. నాచు కణం పైపొరకి కూడా రుణావేశమే కాబట్టి రెండోదాన్ని దగ్గరికి రానివ్వదు. మొదటిది మాత్రం చల్లగా లోపలికి జారుకుని ఎంజైములను పాడుచేస్తుంది. సూక్ష్మజీవుల్ని చంపడంలో మొదటిది రెండోదానికన్నా ఎన్నో రెట్లు బలమైనది.

సంక్రాంతికి ముందు రోజు విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌ని గుర్తు తెచ్చుకోండి. కిక్కిరిసిన బస్సు నాచు కణం. ఖాళీ చేతులతో వచ్చినవాడు ఎలాగోలా దూరిపోతాడు. నెత్తిన మూట ఉన్నవాడు తలుపు దగ్గరే ఆగిపోతాడు. ఇద్దరూ ప్రయాణికులే, లెక్కపెడితే ఇద్దరూ క్లోరినే. ఆ మూటే రుణావేశం. మూట దించాలంటే హమాలీ కావాలి. నీళ్ళలో హమాలీ హైడ్రోజన్ అయాన్. అది వచ్చి అతుక్కోగానే హైపోక్లోరైట్ మూట దిగిపోయి హైపోక్లోరస్ ఆమ్లం అవుతుంది. పీహెచ్ అంటే ప్లాట్‌ఫాం మీద ఎందరు హమాలీలు ఉన్నారన్న లెక్కే, కాకపోతే తలకిందుల లెక్క. పీహెచ్ ఒకటి పెరిగితే హమాలీలు పదో వంతుకి పడిపోతారు.

పీహెచ్ 7.2 దగ్గర నూటికి ఇంచుమించు 66 మంది ఖాళీ చేతుల వాళ్ళు. 7.5 దగ్గర సగం సగం. 8 దగ్గర నాలుగో వంతు. 8.5కి వచ్చేసరికి పది మంది కూడా కష్టం. మనవాడు గుప్పెళ్ళకొద్దీ ప్రయాణికుల్ని దింపాడు గానీ బస్సెక్కింది నూటికి పదిమందే. పైగా బ్లీచింగ్ పౌడర్‌లో సున్నం కలిసే ఉంటుంది. అంటే ప్రతి గుప్పెడూ ఉన్న హమాలీలను కూడా ఇంటికి పంపిస్తోంది.

నాకు భలే నచ్చే సంగతి ఇంకోటుంది. ఎండలో నాచు కిరణజన్య సంయోగక్రియ కోసం నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ని లాగేస్తుంది. నీళ్ళలో అది కార్బానిక్ ఆమ్లంగా ఉండేది. అది పోతే పీహెచ్ పెరుగుతుంది. అంటే నాచు తన తిండి తాను తింటూనే, తనని చంపడానికి వచ్చినవాళ్ళకి మూట దించే మనిషి లేకుండా చేస్తోంది!

ఒకవైపు సరుకు పెంచినా తగ్గించినా చర్య ఆ మార్పుని సరిదిద్దే వైపుకి జరుగుతుంది. ఇదంతా ఇంటర్‌లో లే షాట్లియే సూత్రం పేరుతో ఇతనికి నేనే చెప్పాను. పరీక్షలో మార్కులూ తెచ్చుకున్నాడు. అమ్మోనియా తయారీ తప్ప ఇంకో ఉదాహరణ నేను చెప్పి ఉంటే పెరట్లో గుర్తుపట్టేవాడు.

రెండో తప్పు, బ్లీచింగ్ వేసే వేళ. పొద్దున పదింటికి వేసేవాడు. నడినెత్తి ఎండలో, రక్షణ లేని క్లోరిన్ గంట తిరక్కుండానే సగానికి సగం పోతుంది. అతినీలలోహిత కిరణాలు ఎక్కువగా విరగ్గొట్టేది కూడా మూటలున్న హైపోక్లోరైట్‌నే. ఎండలో మూటతో నిలబడ్డవాడు ముందు సొమ్మసిల్లుతాడు కదా. దీనికి సయన్యూరిక్ ఆమ్లం వాడతారు. అది బస్టాండులో వెయిటింగ్ హాలు. క్లోరిన్‌ని నీడన కూర్చోబెట్టి, ఒక్కొక్కరినే లేపి పంపుతుంది. లీటరుకి 30 నుంచి 50 మిల్లీగ్రాములు చాలు. మరీ ఎక్కువైతే కూర్చున్నవాళ్ళు లేవరు. క్లోరిన్ బిళ్ళల్లో చాలావాటిలో ఇది కలిసే ఉంటుంది. ఆవిరి కాదు, కాబట్టి బిళ్ళ వేసిన ప్రతిసారీ పేరుకుంటుంది. చివరికి నీళ్ళు పారబోయడమే మార్గం.

మనవాడి కొలనులో దాదాపు 4,400 లీటర్లున్నాయి. (ముందు డాబా మీద పెడదామనుకున్నాడట. చదరపు మీటరుకి 600 కిలోల బరువు. మనుషులు తిరిగే డాబాకి ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునేది 150. పెరడే నయం.) నాచుని చంపడానికి లీటరుకి 10 మిల్లీగ్రాముల క్లోరిన్ అంటే 44 గ్రాములు. తాజా బ్లీచింగ్‌లో క్లోరిన్ నూటికి 30 వంతులు ఉంటుందనుకుంటే 150 గ్రాములు పడుతుంది. మూత తీసి మూల పడేసిన పాత సంచిలో అంత ఉండదు.

ముందు పీహెచ్ దించమన్నాను. బకెట్ నీళ్ళలో 50 మిల్లీలీటర్ల హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పోసి (ఆసిడ్‌లో నీళ్ళు పోయకూడదు), ఆ నీళ్ళు కొలనులో కలిపి, పంపు తిప్పి, కాగితం ముంచి చూడటం. 7.3 వచ్చేదాకా అదే పని. ఆసిడ్, బ్లీచింగ్ మాత్రం ఒకే బకెట్‌లో కలిశాయా, క్లోరిన్ వాయువు వస్తుంది. 1915లో బెల్జియం యుద్ధరంగంలో జర్మన్లు వదిలింది ఆ వాయువునే. అందుకని మధ్యలో కొన్ని గంటలు ఆగమన్నాను. గోడల మీది జిగురు పాచిని బ్రష్షుతో రుద్దమన్నాను, ఆ జిగురు కింద నాచు క్షేమంగా ఉంటుంది. పొద్దుగూకాక బ్లీచింగ్‌ని నీళ్ళలో కలిపి, సున్నం పేరుకున్నాక పైతేట మాత్రమే పోయమన్నాను.

మర్నాడు మళ్ళీ ఫోన్. గొంతులో టెన్షన్. "బియ్యం కడిగిన నీళ్ళలా అయిపోయాయి మాస్టారూ!"

"నాచు చచ్చిందిరా. ఆ తెలుపంతా శవాలే" అన్నాను. మైక్రాన్లలో ఉండే ఆ ముక్కలు ఒక్కొక్కటీ రుణావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి. చిన్న ఫిల్టరుకి చిక్కవు. పటిక వేస్తే అందులోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని రద్దు చేసి, ముక్కల్ని ముద్దలు కట్టిస్తుంది. పల్లెల్లో బిందెల్లో చిల్లగింజ అరగదీసి కలిపేవారు, అక్కడా జరిగేది ఇదే తరహా పని. రాత్రి పటిక నీళ్ళు కలిపి పంపు ఆపమన్నాను. పొద్దున అడుగున పేరుకున్నది గొట్టంతో లాగేయమన్నాను.

శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. అడుగున రూపాయి బిళ్ళ కనిపిస్తోందట.

"బొమ్మా, బొరుసా?"

"బొరుసు మాస్టారూ."

"క్లోరిన్ లీటరుకి 3 మిల్లీగ్రాములకి దిగాక పిల్లల్ని దింపు" అన్నాను.