మింగిన టాబ్లెట్ ఎస్టీపీ దాకా పోతుంది

మా అపార్ట్‌మెంట్ బెంగళూరులో వర్తూరు వైపు, ఎస్టీపీ, అంటే మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు, బేస్‌మెంట్లో ఉంటుంది, దాన్ని నడిపే అబ్బాయిది కదిరి. మొన్న వాసన ఎందుకొస్తోందని అడగడానికి దిగితే ఒక లీటరు గాజు సిలిండర్ చూపించాడు. మురుగులోకి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు నీళ్ళు అందులో పోసి వదిలేస్తే అరగంటలో బురదంతా అడుక్కి దిగి పైన తేటనీళ్ళు నిలిచాయి. "ఉండన్నా, ఇంకో గంట చూడు" అన్నాడు. చూస్తుండగానే ఆ దిగిన బురదే ముద్దముద్దగా పైకి తేలిపోయింది, కళ్ళు దగ్గర పెట్టి చూస్తే ఆవగింజ కన్నా చిన్న బుడగలు బురదకి అంటుకుని మోసుకొస్తున్నాయి.

ఆ బుడగల్లో ముఖ్యంగా ఉన్నది నైట్రోజన్, మనం పీల్చే గాల్లో 78 శాతం ఉండేదే. అడుగున ఆక్సిజన్ అయిపోగానే కొన్ని బాక్టీరియాలు దాని బదులు నీళ్ళలో కరిగున్న నైట్రేట్ (నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం)‌తో ఊపిరి పీల్చుకుంటాయి, నైట్రేట్ నైట్రైట్ అవుతుంది, అది నైట్రిక్ ఆక్సైడ్, తర్వాత నైట్రస్ ఆక్సైడ్, చివరికి నైట్రోజన్. దీన్నే డీనైట్రిఫికేషన్ అంటారు. ఈ పని సరిగ్గా జరక్కపోతే నైట్రేట్ చెరువుల్లోకి, బోర్లలోకి చేరుతుంది. తాగేనీళ్ళలో అది లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం, మరీ ఎక్కువైతే పసిబిడ్డల రక్తం ఆక్సిజన్ మొయ్యలేక ఒళ్ళు నీలంగా మారుతుంది.

ఇప్పుడు మందుల సంగతి. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ (బాక్టీరియాని దెబ్బకొట్టే మందు) మింగితే సగానికి దగ్గరగా ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికొచ్చేస్తుంది, వచ్చింది ఎక్కడికి పోతుంది, ఎస్టీపీకే కదా. ఈ బాక్టీరియాలు నైట్రేట్‌ని విరగ్గొట్టే ఎంజైములని ఎప్పుడూ దగ్గర పెట్టుకోవు, ఆక్సిజన్ తగ్గాకే చాలావరకు కొత్తగా తయారు చేసుకుంటాయి. ఎంజైములంటే ప్రోటీన్లే, టెట్రాసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు దెబ్బకొట్టేది సరిగ్గా ప్రోటీన్లు తయారయ్యే చోటే! అందుకే నేలలో ఉన్న పాత ఎంజైములు మాత్రమే ఎంత పని చేస్తాయో కొలవాలనుకున్నవాళ్ళు 1979లోనే మట్టిలో క్లోరాంఫెనికాల్ అనే అలాంటి మందే కలిపి కొత్తవి పుట్టకుండా ఆపారు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది చివరి మెట్టు. అన్ని బాక్టీరియాలకీ నాలుగు మెట్లూ చేతకావు, ఒకటి సగం చేసి వదిలింది ఇంకోటి అందుకుంటుంది. మందు వల్ల చివరి మెట్టు చేసేవి పడిపోయి మిగతావి నిలబడితే పని నైట్రస్ ఆక్సైడ్ దగ్గర ఆగిపోయి అది గాల్లోకి పోతుంది, వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు వేడి పట్టి ఉంచే గ్యాసు అది.

మురుగునీళ్ళలో ఈ మందులు లీటరుకి మైక్రోగ్రాముల్లోనో అంతకన్నా తక్కువో ఉంటాయి, ల్యాబుల్లో చాలాసార్లు వాడే డోసులు అంతకన్నా పెద్దవి. కాబట్టి రేపే ఎస్టీపీలన్నీ ఆగిపోతాయని కాదు, చాలాచోట్ల పని కాస్త మందగించి మళ్ళీ కోలుకుంటుంది. కానీ ఆ కోలుకోవడం కొంతవరకు మందుకి లొంగని రకాలు పెరగడం వల్లే, వాటి జీన్లు పక్క బాక్టీరియాలకీ పాకుతాయి. 2018 నుంచి ఈ ఊరి శుద్ధి చేసిన నీళ్ళు కేసీ వ్యాలీ అనే పథకం పైపుల్లో కోలార్ చెరువులకి పోతున్నాయి, ఆ చెరువుల నీళ్ళే ఇంకి అక్కడి బోర్లలోకి ఊరుతున్నాయి.

మన బిల్డింగ్ వాళ్ళు పాత మాత్రలు ఫ్లష్ చేస్తారా అని అడిగాను. "జాలీలో చిక్కేది ఖాళీ షీట్లే అన్నా, మందు అప్పటికే నీళ్ళలోకి పోయుంటాది" అని రాడ్‌తో సిలిండర్ కలిపాడు, బుడగలు పోయి బురద మళ్ళీ అడుక్కి దిగింది.