రాస్తారోకోనా, వంటావార్పా? మాలో మాకే తెగని కొన్ని అపోహలు

మా అనంతపురంలో పంటల బీమా కోసమైనా, హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) నీళ్ల కోసమైనా మీటింగు పెట్టుకుంటే డిమాండ్ల దగ్గర అరగంటలో అందరం ఒక్కటవుతాం. "సరే, మరి ఏం చేద్దాం?" అనగానే గొడవ మొదలు. ఇరవై ఏళ్లుగా రైతు సంఘం పనుల్లో తిరుగుతున్నాను. ఆ గొడవల్లో పదేపదే విన్న మాటల్లో కొన్ని ఇవి.

అపోహ: హైవే ఆపితేనే ప్రభుత్వం దిగొస్తుంది.

నేనూ చాలా ఏళ్లు ఇదే నమ్మాను. ఒకసారి బెంగళూరు హైవే మీద బైఠాయించాం. మేం ఆపిన బండ్లలో మొదటిది టమోటా బాక్సుల బొలెరో. అందులోంచి ఒక రైతు దిగి వచ్చి, "అన్నా, మీరు కూర్చుండేది రైతుల కోసమే కదా, మరి నేనెవర్ని? మండీలో పాట అయిపోతే నా కాయ ఎవరు కొంటారు?" అన్నాడు. మాలో ఎవరూ నోరు మెదపలేదు. సంతకం పెట్టాల్సిన అధికారి ఆ రెండు గంటలూ ఫ్యాను కింద హాయిగానే ఉన్నాడు.

వాస్తవం: సెగ తగలాల్సింది నిర్ణయం ఎవరి చేతిలో ఉందో వాళ్లకు. పది రోజుల తర్వాత అదే డిమాండ్‌తో ఆ ఆఫీసు గేటు ముందే వంటావార్పు పెట్టాం. మూడు రాళ్ల పొయ్యి, డేక్సాలో సంగటి, రోట్లో నూరిన శెనక్కాయల ఊరిమిండి. పొగ కిటికీల్లోంచి లోపలికి పోతుంటే సిబ్బంది ఒక్కొక్కరే బయటికొచ్చారు. దారిన పోయేవాళ్లు ఏందని అడిగి, ముద్ద తిని, మాతోపాటే కూర్చున్నారు. సాయంత్రానికి లోపలికి పిలిచారు. డబ్బులు అప్పుడే పడిపోలేదు గానీ, జాబితాలో తప్పిపోయిన పేర్లు మళ్లీ చూస్తామని రాసిచ్చారు.

(రోడ్డు మీద కూర్చోక తప్పని రోజు వస్తే అంబులెన్సుల కోసం ఒక మనిషిని విడిగా పెట్టండి. నినాదాల హోరులో సైరన్ ఎవరికీ వినపడదు.)

అపోహ: అర్జీలిచ్చేది చేతగానివాళ్లు.

సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీకి రసీదు ఇస్తారు. రేపు ధర్నా దగ్గర "ఈ విషయం మా దృష్టికి రాలేదే" అన్నప్పుడు తీసి చూపించడానికి అదొక్కటే ఉంటుంది. అంతకు మించి దాని నుంచి ఆశించొద్దు.

అపోహ: శాంతంగా కూర్చుంటే కేసులుండవు.

ఉంటాయి. సభలకు, ఊరేగింపులకు పోలీసుల అనుమతి కావాలనే 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్, మా వాళ్ల భాషలో '30 యాక్టు', ఎప్పుడు చూసినా అమల్లోనే ఉన్నట్టుంటుంది. జనం గుమిగూడొద్దనే పాత 144 సెక్షన్ 2024 జులై 1 నుంచి, సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టంలో (బీఎన్‌ఎస్‌ఎస్) 163 అయింది. రైలు ఆపితే రైల్వే చట్టం 174వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. కోర్టులు మనవైపా కాదా అంటే రెండూ ఉన్నాయి. రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ 2023 జనవరిలో వచ్చిన జీవో 1ని మే నెలలో మన హైకోర్టు కొట్టేసింది. ఢిల్లీలో పౌరసత్వ చట్టానికి వ్యతిరేకంగా రోడ్డు మీద కూర్చున్న షాహీన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు మాత్రం, రోడ్డును ఎన్నాళ్లయినా ఆక్రమించుకుని కూర్చుంటామంటే కుదరదని 2020 అక్టోబరులో చెప్పింది.

మాలో అసలు తగువు సెక్షన్ల మీద కాదు. పిలుపిచ్చేది పెద్దలు, ఎఫ్‌ఐఆర్‌లో పడేది ముందు వరసలో నిలబడ్డ కుర్రాళ్లు. మాతో వచ్చిన ఒక పిల్లోడు కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటున్నాడు. అప్లికేషన్‌లో 'మీ మీద కేసులున్నాయా' అన్న గడి దగ్గర ఆగిపోయి రాత్రి పదింటికి నాకు ఫోన్ చేశాడు. ఏం రాయాలి సార్ అని. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి అరెస్టయినా ఫర్వాలేదనే వాళ్ల పేర్లు ముందురోజే రాసుకుంటున్నాం. లాయర్ నంబరు అరచేతిలో పెన్నుతో రాసుకోమంటాం, ఫోన్లు ఎలాగూ లాక్కుంటారు కాబట్టి. ఉద్యోగాలకు చదివేవాళ్లకు మంచినీళ్ల పని, ఫొటోల పని.

అపోహ: ఆమరణ దీక్షకు మించిన ఆయుధం లేదు.

పొట్టి శ్రీరాములు పేరు చెబితే సీమలో ఎవరూ కాదనలేరు. 1952లో ఆయన 58 రోజుల దీక్షతో వచ్చిన ఆంధ్ర రాష్ట్రానికే మరుసటి ఏడాది అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. కానీ అంతకు ముందు 1951లో స్వామి సీతారాం అదే డిమాండ్‌తో 35 రోజులు దీక్ష చేసి, వినోబా భావే మాట మీద విరమించిన సంగతి ఎవరూ ఎత్తరు. ప్రాణం పెట్టేదాకా పోతామన్న మాట నిజం కానప్పుడు ఆ పేరు వాడకపోవడమే మేలు. రిలే దీక్ష చప్పగా ఉంటుందంటారు గానీ, రోజుకో ఊరు వంతున శిబిరంలో కూర్చుంటే నలభై ఊళ్లలో మాట నడుస్తుంది.

అపోహ: ఏదైనా పగలగొడితే అది ఉద్యమమే కాదు.

ఇక్కడ నేను అటూ ఇటూ కాను. సారా వ్యతిరేక పోరాటంలో నెల్లూరు జిల్లా దూబగుంట రోశమ్మ లాంటి ఆడవాళ్లు సారాను ఊళ్లోకి రానివ్వలేదు, వేలం పాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పారబోసిన సారాను చూసి వాళ్లను రౌడీలు అన్నదెవరు? అదే మేం ఒక ధర్నాలో బస్సు అద్దం పగలగొట్టినప్పుడు, మర్నాడు జిల్లా పేజీలో అద్దం ఫొటో వచ్చింది, డిమాండ్ రాలేదు. ఆ రాయి వేసిందెవరో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు.

అపోహ: మనతో రానివాడు అమ్ముడుపోయినట్టే.

హైవే ఆపుదామన్న రోజు, నేను రానని మీటింగులోంచి లేచి వెళ్లిపోయిన పెద్దాయనను మేమూ ఇదే మాట అన్నాం. వంటావార్పు రోజు కట్టెల మోపు తెచ్చింది ఆయనే. రైలురోకో మాటెత్తితే మాత్రం ఇప్పటికీ తుండుగుడ్డ దులుపుకుని లేచి పోతాడు.