కోడ్ చేతికొచ్చింది, హక్కు రాలేదు: ఎంపీ3 పేటెంట్ల నేపథ్యం

ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంలో ఎడిట్ చేసిన ఆడియోను ఎంపీ3గా దాచుకోబోతే, ముందు 'లేమ్' అనే ఫైలును వేరేచోట నుంచి దించుకురమ్మని అడిగిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. కంప్యూటర్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్‌ను కొత్తగా వేసుకున్నవాళ్లకైతే పాటలే మోగేవి కావు. ఉచిత సాఫ్ట్‌వేర్ కదా, ఇంతేలే అనుకున్నవాళ్లు ఎందరో. నిజానికి ఆ ప్రోగ్రాములు రాసినవాళ్లకు పని చేతకాక కాదు. వాళ్ల చేతులు పేటెంట్లు కట్టేశాయి.

సీడీలో ఒక సెకను సంగీతానికి దాదాపు 14 లక్షల బిట్లు కావాలి. డప్పు మోగుతుంటే పక్కవాడి గుసగుస చెవికెక్కదు. అలా చెవికెక్కని భాగాన్ని వదిలేస్తే, అదే సంగీతం సెకనుకు 1,28,000 బిట్లలో సరిపోతుంది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ బృందం ఏళ్ల తరబడి చేసిన పని ఇదే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు, ఫ్రాన్స్ కంపెనీ థామ్సన్‌కు కూడా ఇందులో పాలుంది. వీళ్ల పద్ధతి 1993లో అంతర్జాతీయ ప్రమాణంగా అచ్చయింది. 1995 జులైలో ఫైలు పేరు చివర '.ఎంపీ3' అని పెట్టాలని నిర్ణయించారు.

చిక్కు ఇక్కడే మొదలైంది. ప్రమాణం ఎలా పనిచేస్తుందో చూపడానికి నమూనా సోర్స్ కోడ్ (ప్రోగ్రాం మూలరూపం) కూడా బయటికి వచ్చింది. కుర్రాళ్లు దాన్ని తీసుకుని, వేగం పెంచి, పాటను ఎంపీ3గా మార్చే సొంత ఎన్‌కోడర్లు తయారుచేసి ఇంటర్నెట్‌లో పంచారు. కోడ్ కళ్లెదుట ఉంది కాబట్టి వాడుకోవచ్చనుకున్నారు. కానీ కోడ్ మీద ఉండేది కాపీరైట్. పద్ధతి మీద ఉండేది పేటెంట్. నమూనా కోడ్‌ను పక్కనబెట్టి ప్రతి వరుసా మీరే కొత్తగా రాసినా, పద్ధతి అదే అయితే పేటెంట్ వర్తిస్తుంది.

1998 సెప్టెంబరులో ఫ్రౌన్‌హోఫర్ నుంచి పలువురు డెవలపర్లకు లేఖలు వెళ్లాయి: లైసెన్సు తీసుకోండి, రుసుము కట్టండి. తరవాత థామ్సన్ ప్రకటించిన ధరల్లో ఎంపీ3ని వినిపించే డీకోడర్‌కు కాపీకి 75 సెంట్లు, ఎన్‌కోడర్ కూడా ఉంటే 2.50 డాలర్లు. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోకి రాదు. ప్రోగ్రాంను ఉచితంగా పంచే విద్యార్థికి మాత్రం ఎన్ని కాపీలు వెళ్లాయో లెక్కపెట్టుకునే దారే లేదు. కాపీకి ఇంతని వసూలు చేసే పద్ధతి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఏ రకంగానూ పొసగదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా అన్యాయంగా తోచేది అదే.

దానికి వచ్చిన జవాబులు రెండు. మొదటిది లేమ్. అది తొలుత ఎన్‌కోడరే కాదు, నమూనా కోడ్‌లో చేయాల్సిన మార్పుల జాబితా మాత్రమే. పేరు కూడా 'లేమ్ ఎంపీ3 ఎన్‌కోడర్ కాదు' అనే మాటకు పొడి అక్షరాలు. 2000 నాటికి పాత కోడ్ అంతా పోయి సొంత కోడ్ వచ్చింది. అయినా పేటెంట్ చిక్కు పోలేదు కాబట్టి దాన్ని సోర్స్ రూపంలోనే పంచారు. ఆడాసిటీలాంటివి దాన్ని తమలో కలుపుకోక విడిగా తెచ్చుకోమన్నది అందుకే. రెండో జవాబు ఆగ్ వోర్బిస్. పేటెంట్ల జోలికి పోకుండా క్రిస్ మాంట్‌గోమరీ మొదలుపెట్టిన ఈ ఫార్మాట్ 1.0 వెర్షన్ 2002 జులైలో వచ్చింది. అదే ఏడాది రెడ్ హ్యాట్ అనే కంపెనీ తన లైనక్స్ 8.0 నుంచి ఎంపీ3ని తీసేసింది.

డబ్బు కట్టినవాళ్లకూ నిశ్చింత లేదు. మైక్రోసాఫ్ట్ ఫ్రౌన్‌హోఫర్‌కు 1.6 కోట్ల డాలర్లు చెల్లించి లైసెన్సు తీసుకుంది. అయినా బెల్ ల్యాబ్స్ పేటెంట్లు చేజిక్కిన అల్కాటెల్-లూసెంట్‌తో కోర్టు కేసు తప్పలేదు. 2007 ఫిబ్రవరిలో శాన్ డియేగో జ్యూరీ 152 కోట్ల డాలర్లు కట్టమంది. ఆగస్టులో జడ్జి ఆ తీర్పును కొట్టేశారు.

మన చట్టం వేరు. పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం అల్గారిథంలకు, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాంకు పేటెంట్ ఇవ్వరు. 2004 చివర్లో వచ్చిన ఆర్డినెన్సు దీన్ని సడలించబోయింది గానీ, 2005లో పార్లమెంటు ఆ మార్పును పక్కనపెట్టింది. అయితే పేటెంట్ ఏ దేశానిది ఆ దేశానికే. హైదరాబాద్‌లో రాసిన ప్రోగ్రాంను అమెరికాలో అమ్మితే అక్కడి పేటెంట్లే చూసుకోవాలి.

చివరికి పేటెంట్ల గడువు తీరి, కాలమే తాళం తీసింది. 2017 ఏప్రిల్‌లో లైసెన్సుల కార్యక్రమం ముగిసింది. లైనక్స్ రకాల్లో ఒకటైన ఫెడోరా అదే ఏడాది మేలో ఎంపీ3 ఎన్‌కోడింగ్‌ను చేర్చుకుంది. 2019లో ఆడాసిటీ లేమ్‌ను తనలోనే కలుపుకుంది.

ఇప్పుడు ఆ చోటు ఎంపీ3 తరవాత వచ్చిన ఆడియో ఫార్మాట్ ఏఏసీది. దాని కోడ్‌ను ఫ్రౌన్‌హోఫరే ఆండ్రాయిడ్ కోసం బయటపెట్టింది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. కానీ ఈ కోడ్‌తో పాటు ఏ పేటెంట్ హక్కూ ఇవ్వడం లేదని దాని లైసెన్సులోనే రాసి ఉంది. 1998లో ఆ కుర్రాళ్లకు ఉత్తరం వచ్చాక గానీ తెలియని సంగతి, ఇప్పుడు ఫైలు మొదట్లోనే కనబడుతుంది.