చలి ముదరకముందే తొట్టి దగ్గర చేయాల్సిన పని

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. బయట నీళ్లు గడ్డకట్టే చోట కూడా చలికాలమంతా ఆకుకూరలు పెంచవచ్చా, వాటికి ఎరువునిచ్చే చేపలు ఆ చలిలో బతుకుతాయా అని అడిగారు కదా. పెంచవచ్చు, బతుకుతాయి కూడా. కాకపోతే ఆ పని చలికాలంలో మొదలుపెట్టేది కాదు. ఎండ ఇంకా వెచ్చగా ఉన్న రోజుల్లోనే ముప్పాతిక వంతు అయిపోవాలి. ఏం చేయాలో, ఎందుకు చేయాలో నాకు తెలిసినంత ఓపిగ్గా రాస్తాను. మీరూ ఓపిగ్గా చదవండి.

ఆక్వాపోనిక్స్ అంటే చేపల్నీ మొక్కల్నీ ఒకే నీటితో పెంచడం. చేప మేత తింటుంది. ఎక్కువగా దాని మొప్పల నుంచి, కొంత విసర్జన నుంచి అమ్మోనియా నీళ్లలో చేరుతుంది. అది పేరుకుంటే చేపకు విషమే. కంకర మీద, తొట్టి గోడల మీద, వేళ్ల మీద జిగటగా అంటుకుని బతికే కొన్ని బాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను మొక్క తీసుకుంటుంది, నీళ్లు తిరిగి చేపల దగ్గరికి వెళ్తాయి. చూసేవాళ్లకు చేపలూ మొక్కలే కనిపిస్తాయి గానీ, మొత్తం నడిపేది ఆ కనపడని బాక్టీరియానే. చలి వస్తోందంటే నేను ముందు ఆలోచించేది వాటి గురించే.

వాటికి నీళ్లు 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే హాయి. 18 డిగ్రీలకు వచ్చేసరికి వాటి ఎదుగుదల సగానికి పడిపోతుంది. 10 డిగ్రీల దగ్గర నాలుగో వంతే మిగులుతుంది. 4 డిగ్రీలకు దాదాపు ఆగిపోతుంది. చేప ఒంటి వేడి కూడా నీటిని బట్టే ఉంటుంది కాబట్టి నీళ్లు చల్లబడితే దాని ఆకలీ తగ్గుతుంది. మొక్క కూడా నెమ్మదిస్తుంది. మూడూ కలిసి నెమ్మదిస్తే ఏ ఇబ్బందీ లేదు. నెమ్మదించనిది మేత వేసే మన చెయ్యి ఒక్కటే. వేసవిలో వేసినంత మేతే చలికాలంలోనూ వేస్తే చేప తినదు. తినని మేత అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది, దాన్ని మార్చే బాక్టీరియాకు అప్పుడు శక్తి ఉండదు. చలికాలంలో తొట్టి చెడిపోయిందని ఎవరైనా చెబితే, చలి కన్నా ముందు మేత ఎంత వేశారని అడగండి.

అందుకే మేత వేశాక అక్కడే నిలబడి చూడండి. వేసవిలో గుళికలు నీటిని తాకీ తాకకముందే చేపలు ఎగబడతాయి. నీళ్లు చల్లబడేకొద్దీ ఒక చేప పైకొచ్చి, గుళికను నోట్లోకి తీసుకుని, మళ్లీ వదిలేయడం కనిపిస్తుంది. అది కనిపించిన రోజే మేత తగ్గించాలి. ఐదు నిమిషాల తర్వాత కూడా తేలుతున్నది ఉంటే చిన్న వలతో తీసేయండి, మర్నాడు అంత మేర తక్కువ వేయండి.

చలి కొంత మేలు కూడా చేస్తుంది. అమ్మోనియాలో విషపూరితమైన భాగం నీటి వేడిని బట్టి, పీహెచ్‌ని (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలతని) బట్టి మారుతుంది. పీహెచ్ 7 ఉన్నప్పుడు 25 డిగ్రీల నీళ్లలో ఆ భాగం 0.6 శాతం దాకా ఉంటే, 10 డిగ్రీల దగ్గర 0.2 శాతమే. పైగా చల్లటి నీళ్లు ఆక్సిజన్‌ను ఎక్కువగా పట్టి ఉంచుతాయి: 30 డిగ్రీల దగ్గర లీటరుకు 7.6 మిల్లీగ్రాములైతే 10 డిగ్రీల దగ్గర 11.3. కాబట్టి ఆ రెండింటి కన్నా నైట్రైట్ మీద ఎక్కువ కన్నేసి ఉంచండి. అది మొప్పల గుండా రక్తంలోకి వెళ్లి, రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. అప్పుడు మొప్పలు ఎరుపు పోయి గోధుమరంగుకు తిరుగుతాయి. నీళ్లలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటుంది. టెస్ట్ కిట్‌లో నైట్రైట్ కనిపిస్తే మేత పూర్తిగా ఆపేయండి. అయోడిన్ కలపని ఉప్పు కొంచెం వేస్తే అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. ఎక్కువైతే మొక్కలకు చేటు కాబట్టి చెయ్యి అదుపులో పెట్టుకోవాలి. బాక్టీరియా పని చేసేకొద్దీ పీహెచ్ కిందికి దిగుతుంటుంది కనుక దాన్ని కూడా వారం వారం చూసి 6.8, 7 మధ్య ఉంచండి.

ఇంకా తొట్టి పెట్టనివాళ్లు తొందరపడాలి. వెచ్చని నీళ్లలో బాక్టీరియా కుదురుకోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చల్లటి నీళ్లలో అది నెలల తరబడి సాగుతుంది. వేసవి చివరికల్లా తొట్టి నడుస్తూ ఉండాలి.

ఇక ఏ చేప వేయాలి? ఆక్వాపోనిక్స్ అనగానే అందరూ తిలాపియా అంటారు. అది వెచ్చని నీళ్ల చేప. 27 నుంచి 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, 10 డిగ్రీలకు దగ్గరైతే చచ్చిపోతుంది. మంచు కురిసే చోట దాని కోసం చలికాలమంతా నీళ్లు కాచడం నాకు సబబుగా అనిపించదు. ట్రౌట్ అనే చల్లని నీళ్ల చేప వేయండి. 10 నుంచి 16 డిగ్రీల నీళ్లలో అది చురుగ్గా తిని పెరుగుతుంది. నీళ్లు శుభ్రంగా ఉండాలి, ఆక్సిజన్ బాగా ఉండాలి. 20 దాటితే దానికి కష్టం కాబట్టి వేసవిలోపు పట్టేయాలి. తినడానికి కాదు, తొట్టి నడవడానికే అయితే బంగారుతీగ గానీ గోల్డ్ ఫిష్ గానీ చాలు. 10 డిగ్రీల లోపు అవి దాదాపు ఏమీ తినకుండా అడుగున కదలకుండా ఉండిపోతాయి, అయినా బతికే ఉంటాయి. అలాంటి తొట్టిలో గాలి రాయిని, అంటే ఎయిర్ పంపు గొట్టం చివర బుడగలు వదిలే రాయిని, అడుగున పెట్టకండి. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి కాబట్టి పైన మంచు కట్టినా అడుగున ఆ పాటి వెచ్చదనం నిలుస్తుంది. అడుగు నుంచి బుడగలు వదిలితే ఆ నీళ్లను మనమే పైకి తెచ్చి చల్లార్చినట్టవుతుంది.

ఇప్పుడు తొట్టినీ మొక్కల్నీ ఉంచే గ్రీన్‌హౌస్, అంటే వెలుతురు పోయే షీటు కప్పిన పందిరి సంగతి. చాలామంది హీటర్ పెట్టి లోపలి గాలిని వేడి చేయాలని చూస్తారు. గాలిలో వేడి ఎంత నిలుస్తుందో లెక్కవేసి చూడండి. 100 ఘనమీటర్ల గాలి ఒక డిగ్రీ చల్లబడితే ఎంత వేడి వస్తుందో, 30 లీటర్ల నీళ్లు ఒక డిగ్రీ చల్లబడినా అంతే వస్తుంది. అదే 1000 లీటర్ల నీళ్లు ఒక డిగ్రీ చల్లబడితే 1.16 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి బయటికొస్తుంది. రాత్రికి 16 నుంచి 10 డిగ్రీలకు దిగితే దాదాపు 7 యూనిట్లు. అంటే మీ చేపల తొట్టే మీ హీటరు. పగలు ఎండ దాన్ని నింపుతుంది, రాత్రి అది ఖాళీ అవుతుంది.

ఇది ఎప్పుడో చేసి చూపించిన పని. అమెరికాలో 1969లో న్యూ ఆల్కెమీ ఇన్‌స్టిట్యూట్ అని ఒక బృందం మొదలైంది. వాళ్లు 1976లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేప్ కాడ్‌లో ‘ఆర్క్’ అనే గ్రీన్‌హౌస్ కట్టారు. అందులో దాదాపు ఐదడుగుల ఎత్తున, వెలుతురు లోపలికి పోయే ఫైబర్‌గ్లాస్ పీపాలు వరసగా నిలబెట్టి, వాటి నిండా నీళ్లు పోసి చేపలు పెంచారు. నీళ్లలో పచ్చటి నాచు పెరిగి ఎండను పీల్చుకునేది, పీపాలు పగలు వేడెక్కి రాత్రి ఆ వేడిని మొక్కలకు వదిలేవి. అదే ఏడు కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో రెండో ఆర్క్ తెరిచారు. అక్కడి చలి గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఉత్తర చైనా రైతులు మరో దారి పట్టారు. వాళ్ల గ్రీన్‌హౌస్‌కు ఉత్తరం వైపు మందమైన మట్టిగోడో ఇటుకగోడో ఉంటుంది, దక్షిణం వైపు మాత్రమే వంపుగా పాలిథిన్ షీటు. సాయంత్రం కాగానే పైనుంచి మందపాటి చాపలు దింపి కప్పేస్తారు, పొద్దున చుట్టేస్తారు. చలికాలం సూర్యుడు దక్షిణానే తిరుగుతాడు కదా, ఉత్తరం వైపు షీటు వల్ల వచ్చే వెలుతురు తక్కువ, పోయే వేడి ఎక్కువ. మీరు కూడా ఉత్తరం వైపు గోడను థర్మోకోల్ పలకలతో మూసి, లోపలి వైపు తెల్ల రంగు వేయండి. భూమికి దక్షిణార్ధంలో ఉన్నవాళ్లు దిక్కులు తిప్పి చదువుకోవాలి.

అన్నిటికన్నా ముందు సందులు మూయండి. గాలి బాగా వీచే సాయంత్రం చూసుకుని, ఒక అగరుబత్తి వెలిగించి, షీటుకు తగలకుండా అంచుల వెంబడి మెల్లగా నడవండి. పొగ నిటారుగా లేస్తున్నంతసేపూ ఫరవాలేదు. తలుపు బందుల దగ్గరో, షీటు నేలను తాకే చోటో పొగ ఒక్కసారిగా వంగి పక్కకు పరిగెడుతుంది. అక్కడ సుద్దతో గీత పెట్టి ముందుకు వెళ్లండి. తర్వాత ఆ గీతలన్నిటి దగ్గరా టేపో, నురుగు పట్టీయో అంటించండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇంతకన్నా మరొకటి నాకు కనపడలేదు. ఆ తర్వాత రెండో పొర షీటు వేసి, రెండింటి మధ్య చిన్న ఫ్యానుతో గాలి నింపితే మూడో వంతుకు పైగా వేడి ఆదా అవుతుంది. ఆ ఫ్యాను బయటి పొడి గాలినే పీల్చాలి. లోపలి తడి గాలిని పంపితే పొరల మధ్య నీళ్లు చేరి వెలుతురు తగ్గుతుంది. షీటు మీద వేసవి దుమ్మును కూడా ఇప్పుడే కడిగేయండి.

తొట్టి కింద, చుట్టూ థర్మోకోల్ పలకలు పెట్టండి. పైన మూత తప్పనిసరి. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే, మిగిలిన 580 లీటర్ల నీళ్లను ఒక డిగ్రీ చల్లార్చేంత వేడిని తీసుకుపోతాయి. ఆ ఆవిరి పైన షీటుకు తగిలి, బొట్లు బొట్లుగా ఆకుల మీద పడి బూడిదరంగు బూజును తెస్తుంది. మూత వేడిని, మొక్కల్ని రెండింటినీ కాపాడుతుంది. అలాగే మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు కాసేపు కిటికీ తెరవండి. వేడి పోతుందని బాధపడకండి, తడి పోవడం ముఖ్యం.

మొక్కల్ని సన్నటి గొట్టాల్లో పెంచితే ఆ పలుచని నీటిధార రాత్రంతా చల్లబడి తొట్టిలోకి వస్తుంది. చలికి నాకు నచ్చేది తేలే తెప్పల పద్ధతి: లోతుగా నీళ్లున్న మడి, దాని మీద థర్మోకోల్ తెప్ప, తెప్ప రంధ్రాల్లో మొక్కలు. ఆ మడి మీద కమ్మీలు వంచి పలుచని తెల్ల గుడ్డ కప్పితే, కింది నీటి వెచ్చదనం ఆకుల చుట్టూనే ఉంటుంది. కంకర మడులైతే గడ్డకట్టే రాత్రుల్లో వాటికి నీళ్లు ఆపేయవచ్చు. ఎయిర్ పంపు మాత్రం ఎప్పుడూ ఆపకూడదు. అది పీల్చే గాలి గ్రీన్‌హౌస్ లోపలిదే కావాలి, కరెంటు పోతే అందుకునేలా బ్యాటరీ ఉండాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. పొగగొట్టం లేని గ్యాస్ హీటరో, కిరోసిన్ హీటరో, బొగ్గుల కుంపటో మూసిన గ్రీన్‌హౌస్‌లో పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అది మనిషిని చంపుతుంది. అరకొరగా మండిన ఇంధనం నుంచి వచ్చే ఇథిలీన్ మొక్కల్నీ పాడుచేస్తుంది.

వేడి గురించి ఇంత రాశాను గానీ, మొక్కకు వెలుతురు కూడా కావాలి. పగలు 10 గంటల కన్నా తగ్గితే ఎంత వెచ్చగా ఉంచినా మొక్క దాదాపు పెరగదు. ఉత్తరాన 45 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ రోజులు నవంబర్ మొదటి వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా ఉంటాయి. మీ ఊరికి ఆ తేదీ ఎప్పుడో చూసుకుని, దానికి ఎనిమిది, పది వారాల ముందే విత్తనాలు వేయండి. పాలకూర, కేల్, లెట్యూస్, పాక్ చోయ్ లాంటివి ఆ తేదీకల్లా దాదాపు పూర్తిగా ఎదిగి ఉంటే, చలికాలమంతా వాటిని బతికించి ఉంచుకుని కొద్దికొద్దిగా కోసుకోవచ్చు. టమాటా, కీరా తీగల్ని జాలిపడకుండా పీకేయండి. వాటి కుళ్లిన వేళ్లు నీళ్లలో మిగలకూడదు.

బాగా చలేసిన రోజు పొద్దున్నే చూస్తే పాలకూర ఆకులు గాజులా బిరుసుగా, ముదురు రంగులో వేలాడుతుంటాయి. చచ్చిపోయాయనుకుని కోయకండి, ముట్టుకోకండి కూడా. ఎండ తగిలి కరిగాక అవే నిలబడతాయి. చలిని తట్టుకోవడానికి ఆకు తనలో చక్కెరలు చేర్చుకుంటుంది కాబట్టి రుచి కూడా బాగుంటుంది. వెలుతురు తక్కువైనప్పుడు ఆకుల్లో నైట్రేట్ పేరుకుంటుంది గనుక, ఎండ కాసిన రోజు మధ్యాహ్నం దాటాక కోయడం మంచిది.

ఫిబ్రవరిలో పగలు మళ్లీ 10 గంటలు దాటగానే మొక్కలు చిగురిస్తాయి. బాక్టీరియా అంత త్వరగా లేవదు, నీళ్లు వేడెక్కేదాకా ఆగుతుంది. మొక్కల పచ్చదనం చూసి మేత పెంచకండి. నీటి థర్మామీటర్ చూసి, నైట్రైట్ సున్నా ఉందని తేల్చుకుని, వారానికి కొంచెం చొప్పున పెంచండి.

ఇప్పటి నుంచే రోజూ తెల్లవారుజామున తొట్టి నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. తొట్టి ఎన్ని లీటర్లదో, మీ దగ్గర చలి ఎంత దాకా దిగుతుందో, ఆ అంకెలతో పాటు నాకు రాసి పంపండి. ట్రౌట్ వేయాలో, బంగారుతీగతో సరిపెట్టుకోవాలో చూసి జవాబు రాస్తాను.

మీ తాతయ్య